తెర అవతల ఉన్న మనసు వినాలంటే: ఆన్‌లైన్ మార్గదర్శనంలో సహానుభూతి

చెన్నైలో తరాల తరబడి స్థిరపడిన తెలుగు ఇళ్లలో ఈ మధ్య ఒక కొత్త బంధం కనిపిస్తోంది. పెరంబూరులో పదో తరగతి చదివే పిల్లకు లెక్కలు చెప్పేది హైదరాబాదులో ఉన్న పిన్నిగారి అమ్మాయి. రాయపురంలో డిప్లొమా చదివే కుర్రాడికి ఉద్యోగం గురించి దారి చూపేది న్యూజెర్సీలో స్థిరపడిన దూరపు బంధువు. అంబత్తూరులోని పిల్లలకు అక్షరాలు దిద్దించేది తాంబరంలో ఉంటున్న పదవీ విరమణ చేసిన తెలుగు టీచరు. వీళ్లందరినీ కలిపేది ఫోను తెర. దీన్నే ఆన్‌లైన్ మెంటరింగ్ అంటున్నాం, మన మాటలో మార్గదర్శనం.

ఈ బంధాలు చాలా ఉత్సాహంగా మొదలవుతాయి. కొన్ని వారాలకే పిల్లవాడు ఫోను ఎత్తడం మానేస్తాడు. "వాడికి శ్రద్ధ లేదు" అని పెద్దవాళ్లు అంటారు. "ఆయన మాట్లాడితే భయమేస్తుంది" అని పిల్లవాడు అమ్మతో అంటాడు. చాలాసార్లు తప్పు శ్రద్ధలోనూ ఉండదు, చదువులోనూ ఉండదు. చెప్పిన మాట తెర దాటేసరికి వేరే అర్థంతో చేరుతుంది, అంతే. ఎదుటివాడి మనసు తెలుసుకుని మాట్లాడడం ఎదురెదురుగా కూర్చున్నప్పుడు సగం మాటల్లో, సగం ముఖంలో జరుగుతుంది. తెర మీద ఆ రెండో సగం పోతుంది కాబట్టి దాన్ని కూడా మాటల్లోనే చెప్పాలి. ఈ వ్యాసంలో మేము ప్రధానంగా చెప్పదలచుకున్నది ఇదే. మన చెన్నై పిల్లల విషయంలో దీనికి ఇంకో ముడి కూడా ఉంది. దాని గురించి కింద వివరంగా చెప్తాం.

సానుభూతి వేరు, సహానుభూతి వేరు

రెండూ ఒకేలా వినిపించినా, ఈ రెండు మాటలకూ తేడా ఉంది. సానుభూతి అంటే జాలి, "అయ్యో పాపం" అనడం. సహానుభూతి అంటే ఎదుటివాడు ఉన్న చోట నిలబడి, వాడికి విషయం ఎలా కనిపిస్తోందో అర్థం చేసుకోవడం, అలా అర్థం చేసుకున్నామని వాడికి తెలిసేలా చెప్పడం. అమెరికా మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో రాసిన ఒక ప్రసిద్ధ వ్యాసంలో, మనిషిలో మార్పుకు తోడ్పడే బంధానికి ఏమేం ఉండాలో చెప్పారు. వాటిలో మూడు ముఖ్యం: నటన లేని నిజాయితీ, షరతులు లేని ఆదరణ, సహానుభూతి. ఆయన అక్కడితో ఆగలేదు. ఇవి సాయం చేసేవాడి మనసులో ఉంటే చాలదు, కొంతవరకైనా ఎదుటివాడికి చేరాలి అన్నారు. ఆన్‌లైన్‌లో అసలు కష్టం ఈ చేరడం దగ్గరే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. "అక్కా, లెక్కల్లో 41 వచ్చింది" అని పిల్ల మెసేజ్ పెట్టింది. "అయ్యో, పోనీలే" అంటే అది సానుభూతి. "ఎందుకు తగ్గింది? రోజూ చేయమన్నాను కదా" అంటే అది విచారణ. "41 చూసినప్పుడు నీకేమనిపించింది? చదివినదానికి తగ్గట్టు రాలేదనిపించిందా, లేక ముందే అనుకున్నావా?" అంటే అది సహానుభూతి. ఈ మూడో మాటకు పిల్ల జవాబు రాస్తుంది. మొదటి రెండింటికీ "సరే అక్కా" అని వదిలేస్తుంది.

ఈ దారి మనకు కొత్తది కాదు

బడి బయట ఒక పెద్ద మనిషి పిల్లలను పట్టించుకుని పైకి తేవడం మద్రాసు తెలుగువాళ్లకు తెలియని సంగతి కాదు. 1937లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఇక్కడే ఆంధ్ర మహిళా సభను ప్రారంభించారు. బెనారస్ విశ్వవిద్యాలయం మెట్రిక్యులేషన్ పరీక్షకు ఆడపిల్లలను తయారు చేయడం దాని తొలి పనుల్లో ఒకటి. బడి మానేసిన ఆడపిల్లకు అప్పుడు పుస్తకం ఒక్కటే చాలేది కాదు. "నువ్వు రాయగలవు" అని పక్కన కూర్చుని చెప్పే మనిషి కూడా కావాలి.

దూరం నుంచి చేసే మార్గదర్శనానికి కూడా మంచి వయసే ఉంది. ఇంజినీరింగ్, సైన్సు చదివే అమ్మాయిలను ఆ రంగాల్లో పనిచేసేవాళ్లతో ఈమెయిల్ ద్వారా కలిపే మెంటార్‌నెట్ అమెరికాలో 1997లో మొదలైంది. మన దేశంలో బెంగళూరు కేంద్రంగా మెంటార్ టుగెదర్ అనే సంస్థ యువతకు మార్గదర్శకులను జతచేస్తోంది, ఫోను ద్వారా కూడా. విదేశాల్లోని తెలుగు పిల్లలకు భాష నేర్పే సిలికానాంధ్ర మనబడి 2007లో మొదలైంది. 2020 మార్చిలో కరోనా వల్ల బడులు మూతపడ్డాక ఈ పద్ధతి మామూలు ఇళ్లలోకీ వచ్చేసింది. తమిళనాడులో 1 నుంచి 8 తరగతుల పిల్లలు మళ్లీ బడి మెట్లెక్కింది 2021 నవంబరు 1న. ఆ ఏడాదిన్నరలో చేతికొచ్చిన ఫోను, అలవాటైన వీడియో పాఠం తర్వాత కూడా ఉండిపోయాయి.

తెర మింగేసేది ఏమిటి?

మాటామాటా మధ్య మనం ఇచ్చే విరామం చాలా చిన్నది. పది భాషల సంభాషణలను పోల్చి 2009లో వెలువడిన ఒక అధ్యయనం ప్రకారం, ప్రశ్నకూ జవాబుకూ మధ్య సగటు విరామం సెకనులో దాదాపు అయిదో వంతు. వీడియో కాల్‌లో నెట్ కొంచెం తడబడినా ఈ లయ తప్పుతుంది. లైన్‌లో వచ్చే ఆలస్యాన్ని మనం లైన్ తప్పుగా కాకుండా అవతలి మనిషి స్వభావంగా లెక్కేస్తామని 2014లో జర్మనీ పరిశోధకులు చూపించారు. సెకను ఆలస్యంగా జవాబు వస్తే "ఇతనికి శ్రద్ధ లేదు" అనుకుంటాం. అదే పిల్లవాడు ఎదురుగా ఉంటే, ఆలోచిస్తున్నాడని ముఖం చూసి తెలుసుకునేవాళ్లం.

రాత సంగతి ఇంకా కష్టం. 2005లో ప్రచురితమైన ఒక అమెరికా పరిశోధనలో, ఈమెయిల్‌లో తాము రాసినది వ్యంగ్యమో నిజమో చదివేవాళ్లు 100కి 78 సార్లు సరిగ్గా పట్టేస్తారని రాసినవాళ్లు అనుకున్నారు. తీరా చూస్తే 56 సార్లే పట్టుకున్నారు. నాణెం ఎగరేసి చెప్పినా 50 సరిపోతాయి. రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో వినిపిస్తూనే ఉంటుంది, అందుకే అంత ధీమా. చదివేవాడికి ఆ గొంతు వినిపించదు.

అందుకని మూడు చిన్న అలవాట్లు పనికొస్తాయి. ప్రశ్న అడిగాక మనసులో అయిదు లెక్కపెట్టి, ఆ తర్వాతే మళ్లీ మాట్లాడండి. తల ఊపి ఊరుకోకుండా "ఊఁ, వింటున్నాను, చెప్పు" అని నోటితో అనండి. మనసుకు తగిలే విషయమైతే టైపు చేయకండి, వాయిస్ మెసేజ్ పెట్టండి లేదా ఫోను చేయండి.

మన పిల్లల తెలుగు, ఎదుటివారి తెలుగు

పైన ఒక ముడి ఉందన్నాం. అదిదే. 2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు దాదాపు 42 లక్షలు. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టం ప్రకారం ఆ విద్యా సంవత్సరం నుంచి ఒకటో తరగతితో మొదలుపెట్టి దశలవారీగా తమిళం తప్పనిసరి మొదటి భాష అయింది. పదో తరగతి పరీక్షల్లో మాతృభాష రాసే వెసులుబాటు కోసం భాషా అల్పసంఖ్యాక విద్యార్థులు కోర్టు మెట్లు ఎక్కాల్సి వచ్చింది. ఈ పరిస్థితిలో పెరిగిన మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, ఇంగ్లిషు రాస్తారు. వాళ్ల తెలుగులో తమిళం కలవడం సహజం. అది తప్పు తెలుగు కాదు, ఈ ఊరి తెలుగు.

హైదరాబాదు, విజయవాడ లేదా అమెరికా నుంచి మాట్లాడే మార్గదర్శికి ఇది తెలియకపోతే చిక్కులు వస్తాయి. కొన్ని మాటలు రెండు భాషల్లోనూ ఒకేలా పలుకుతాయి, అర్థాలే వేరు.

*అవసరం:* తెలుగులో కావలసి ఉండడం, తమిళంలో తొందర. "రేపు పాఠం పెట్టుకుందామా?" అంటే, "అవసరం లేదన్నా" అంటాడు కుర్రాడు. వాడి ఉద్దేశం "తొందరేం లేదు, మీ వీలు చూసుకోండి" అని. వినేవాడికి మాత్రం "నీ పాఠం నాకక్కరలేదు" అన్నట్టు ఉంటుంది.

*ప్రమాదం:* తెలుగులో ఆపద, తమిళ వాడుకలో అద్భుతం. "మీ పాఠం ప్రమాదం అక్కా" అని పిల్ల మెచ్చుకుంటే అవతల అక్క తెల్లబోతుంది.

*సుమారు:* మనకు ఇంచుమించు, తమిళంలో అంతంతమాత్రం. "పరీక్ష సుమారుగా రాసినాను" అంటే పిల్లవాడు బాగా రాయలేదని ఒప్పుకుంటున్నాడు. ఆ మాట వెనక దిగులు ఉంది. మార్గదర్శి దాన్ని పట్టుకోకపోతే ఆ దిగులు అక్కడే ఉండిపోతుంది.

ఇలాంటి చోట నవ్వడం అన్నిటికన్నా చెడ్డ పని. "ఇదేం తెలుగు?" అని ఒక్కసారి నవ్వితే చాలు, పిల్ల ఆ తర్వాత ఇంగ్లిషులోకి మారిపోతుంది. మనసులో మాట చెప్పుకునే భాషను మూసేసుకుంటుంది. ఇంట్లో అమ్మమ్మతో మాట్లాడేటప్పుడు కూడా సంకోచిస్తుంది. మన కుటుంబాలు తరాలుగా కాపాడుకొచ్చిన భాష బడిలో పోగా మిగిలింది ఇంట్లోనే. మార్గదర్శి నవ్వు ఆ ఇంటి దాకా వస్తుంది.

మరి భాష దిద్దకూడదా? దిద్దవచ్చు, కానీ వేళ చూసుకుని. పిల్ల తన సంగతి చెబుతున్నప్పుడు భాష దిద్దకండి. ఆమె మాట అర్థం కాకపోతే "నువ్వు అవసరం అంటే తొందర అనా, కావాలి అనా?" అని మామూలుగా అడగండి. దిద్దాలనుకున్న మాటను మీ జవాబులో సరిగ్గా వాడి చూపించండి, పిల్ల దానంతటదే అందుకుంటుంది. భాష కోసమే పెట్టుకున్న పాఠమైతే, "ఇప్పుడు మాటలు దిద్దుకుందాం" అని ముందే చెప్పి దిద్దండి.

లిపి సంగతి కూడా గుర్తుంచుకోవాలి. తెలుగు మాట్లాడే పిల్లలందరూ తెలుగు చదవలేరు. మీరు ముచ్చటగా తెలుగు లిపిలో రాసిన పేరా వాళ్లకు గోడలా కనిపించవచ్చు. ఇంగ్లిషు అక్షరాల్లో రాస్తే దీర్ఘాలు, ట-త తేడాలు పోతాయి, 'మాట' 'మాత' అవుతుంది. మొదటి రోజే "నీకు ఎలా రాస్తే సులువు?" అని అడిగేస్తే సరిపోతుంది. ఎక్కువమంది విషయంలో వాయిస్ మెసేజ్ మంచిది. తెలుగు గొంతు కూడా వాళ్ల చెవిన పడుతుంది.

"ఏరా" ఎప్పుడు ముద్దు, ఎప్పుడు మొరటు?

తెలుగులో ప్రేమంతా మాట చివర ఉంటుంది. "చదువుకో" అనడానికీ "చదువుకోమ్మా" అనడానికీ ఎంతో తేడా. "ఏరా, చదవలేదా?" అని భుజం మీద చెయ్యేసి అంటే అది ముద్దు. అదే తెర మీద అక్షరాలుగా వస్తే అది మందలింపు. కాబట్టి బంధం గట్టిపడేదాకా రాతలో "రా", "ఏంటి" లాంటివి తగ్గించడం మేలు. "చదవలేదా?" అనే ప్రశ్నకు బదులు "ఎంతవరకు వచ్చింది?" అని అడగండి. మొదటిదానికి జవాబు అవును, కాదు అనే రెండే. రెండోదానికి నిజం చెప్పే వీలుంటుంది.

పిలుపుల విషయంలో పిల్లల వైపు నుంచి కూడా అపార్థం రావచ్చు. మన ఇళ్లలో అమ్మను, అక్కను "నువ్వు" అనే అలవాటు ఉంది. పిల్లవాడు మార్గదర్శిని "నువ్వు" అన్నాడంటే చాలాసార్లు ఇంటి మనిషిగా చేర్చుకున్నాడని అర్థం, మర్యాద తప్పాడని కాదు. ఇబ్బందిగా ఉంటే మొదట్లోనే "నన్ను అత్తా అని పిలువు, మీరు అను" అని తేలిగ్గా చెప్పేయవచ్చు. మనసులో పెట్టుకుని ముభావంగా ఉంటే పిల్లవాడికి కారణం ఎప్పటికీ తెలియదు.

ఒక సంభాషణ, రెండు దారులు

పన్నెండో తరగతి కుర్రాడు రాత్రి మెసేజ్ పెట్టాడనుకుందాం: "అన్నా, నాకు ఇంజినీరింగ్ వద్దనిపిస్తోంది."

మొదటి దారి: "పిచ్చి మాటలు మాట్లాడకు. మీ నాన్న ఎంత కష్టపడుతున్నారో తెలుసా? నేను కూడా నీ వయసులో ఇలాగే అనుకున్నాను." ఇందులో మంచి ఉద్దేశం ఉంది. కానీ కుర్రాడి మాట ఒక్కటీ లేదు. తీర్పు ఉంది, నాన్న ఉన్నారు, అన్న గతం ఉంది.

రెండో దారి: "చెప్పినందుకు మంచిదైంది తమ్ముడూ. వద్దనిపించడం ఈ మధ్యే మొదలైందా, ముందు నుంచీ ఉందా?" కుర్రాడు రాస్తాడు: "మాక్ టెస్టులో మార్కులు రాలేదు. నాన్నకు ఇంకా చెప్పలేదు." అన్న అంటాడు: "అంటే ఇంజినీరింగ్ వద్దనడం కన్నా, రాదేమోనన్న భయం, నాన్నకు ఎలా చెప్పాలన్న బెంగ ఎక్కువగా ఉన్నట్టుంది. నేను సరిగ్గా అర్థం చేసుకున్నానా?" కుర్రాడు: "అవునన్నా." అన్న: "ఇప్పుడు నేను సలహా చెప్పనా, లేక ముందు వినమంటావా?"

రెండో దారిలో అన్న చేసిన పనులు నాలుగు. చెప్పినందుకు మెచ్చుకున్నాడు. తెరిచి ఉన్న ప్రశ్న అడిగాడు. విన్నది తన మాటల్లో తిరిగి చెప్పి సరిచూసుకున్నాడు. సలహాకు ముందు అనుమతి అడిగాడు. వీటిలో ఏదీ గారాబం కాదు. ఆ తర్వాత "రోజుకు రెండు గంటలు ఫిజిక్సు చేయాల్సిందే" అని గట్టిగా చెప్పినా కుర్రాడు వింటాడు, ఎందుకంటే తన మాట ముందు విన్నారు.

నిలకడే నమ్మకం

మార్గదర్శనం మీద గ్రాస్‌మన్, రోడ్స్ అనే పరిశోధకులు 2002లో ప్రచురించిన అధ్యయనం పెద్దలకు ఒక హెచ్చరిక. ఏడాది, అంతకుమించి నిలిచిన బంధాల్లో పిల్లలకు ఎక్కువ మేలు జరిగింది. మూడు నెలల్లోపే తెగిపోయిన చోట కొందరు పిల్లల ఆత్మవిశ్వాసం ముందుకన్నా తగ్గింది. అంటే మొదలుపెట్టి వదిలేయడం కన్నా మొదలుపెట్టకపోవడం మేలు కావచ్చు.

అందుకని చేయగలిగినంతే మాట ఇవ్వండి. వారానికి అరగంట అయినా సరే, అది ఒకే రోజు, ఒకే వేళ కావాలి. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడ గడియారం మారే నెలల్లో చెన్నై వేళ ముందే సరిచూసుకోవాలి. రాలేకపోతే ముందే చెప్పండి, కారణం కూడా చెప్పండి. లేకపోతే కారణం తానే అని పిల్ల అనుకుంటుంది. పోయినసారి ఆమె చెప్పిన ఒక చిన్న సంగతిని, తాతగారి కంటి ఆపరేషనో, స్నేహితురాలితో గొడవో, గుర్తుపెట్టుకుని అడగండి. మానేయాల్సి వస్తే జవాబులు తగ్గించుకుంటూ మాయమవకుండా, చివరి పాఠం ఫలానా రోజని చెప్పి సెలవు తీసుకోండి.

ఇంటివాళ్లు చేయాల్సింది, ఆగాల్సిన గీత

తల్లిదండ్రులు మార్గదర్శితో మొదటి రోజు మాట్లాడాలి. పాఠం ఎప్పుడు, ఏ యాప్‌లో జరుగుతుందో తెలిసి ఉండాలి. తలుపు తెరిచే ఉండాలి, అయితే పక్కన కూర్చుని ప్రతి మాటా వినకూడదు. పాఠం అయ్యాక "ఏం చెప్పారు?" అని నిలదీయకండి, "ఈరోజు ఎలా ఉంది?" అంటే చాలు. బంధువుల పిల్లలతో పోల్చి మార్గదర్శి ముందు చిన్నబుచ్చకండి. కెమెరా ముందు పడ్డ అవమానం పిల్లలకు రెండింతలు.

భద్రత విషయంలో మొహమాటం వద్దు. వాటంతటవే చెరిగిపోయే మెసేజ్‌లు, "ఇంట్లో చెప్పకు" అనే మాటలు, ఫొటోలు అడగడం ఏ బంధువు నుంచి వచ్చినా ప్రమాద సంకేతాలే. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు పిల్లల వివరాలు వాడుకోవాలంటే సంస్థలు తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలి. పిల్లల మీద లైంగిక వేధింపు జరిగిందని తెలిసినవాళ్లు ఎవరైనా పోలీసులకు చెప్పడం 2012 పోక్సో చట్టం కింద తప్పనిసరి. కాబట్టి మార్గదర్శి "ఎవరికీ చెప్పను" అని గుడ్డిగా మాట ఇవ్వకూడదు. "నీ మాట నా దగ్గరే ఉంటుంది. నీకు ఆపద అనిపిస్తే మాత్రం పెద్దవాళ్లకు చెప్తాను, ముందు నీతో చెప్పి" అనడం నిజాయితీ.

మార్గదర్శి వైద్యుడు కాడు. పిల్లవాడు నిద్ర, తిండి మానేసినా, "నేను లేకపోతే మేలు" లాంటి మాట అన్నా, దాన్ని పరీక్షల బెంగ అని తోసేయకండి. తోడు వదలకుండా ఇంటివాళ్లకు చెప్పి వెంటనే సాయం తీసుకోండి. మన ఊళ్లోనే 1986లో డాక్టర్ లక్ష్మీ విజయకుమార్ స్థాపించిన స్నేహ సంస్థలో శిక్షణ పొందిన స్వచ్ఛంద సేవకులు తీర్పు చెప్పకుండా వింటారు. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ టెలీ మానస్ సేవకు 14416కి ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది.

ఈ వారం మీ ఇంట్లో ఎవరైనా కొత్తగా పాఠం మొదలుపెడుతుంటే ఈ మూడు ప్రశ్నలతో మొదలుపెట్టమనండి: నిన్ను ఏమని పిలవాలి? నీకు ఏ భాషలో, ఏ లిపిలో సులువు? నీకు ఇబ్బందిగా ఉన్నప్పుడు నాకు ఎలా తెలియాలి? మొదటి రోజు లెక్కలు కాస్త తక్కువ జరిగినా ఫరవాలేదు. ఈ మూడింటికీ జవాబు దొరికితే పిల్లలు రెండో వారం కూడా ఫోను ఎత్తుతారు.